వేలు ఇచ్చిన పాపానికి

ఇరవై రెండేళ్ళు నేను కూర్చున్న క్రేన్ సీట్లో ఇప్పుడు నా బావమరిది కూర్చుంటున్నాడు. అదీ నా రక్తం చూపించి.

మా ఇద్దరికీ షుగరే. ఎత్తేవి ఇనుప రేకులు కాబట్టి, క్రేన్ ఎక్కే షుగరువాళ్ళు రోజూ పొద్దున్నే వేలు పొడిచి చూసుకోవాలని ఫ్యాక్టరీ డాక్టరు రూలు పెట్టాడు. మీటర్లో పడ్డ అంకె ఫోన్లోంచి నేరుగా ఆయన కంప్యూటర్లోకి పోతుంది. నేను ఐదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. నా ఫోను గొడవంతా బావమరిది చేతికే వదిలేశాను. నోరు మాత్రం నేనే కట్టుకున్నాను. వాడు కట్టుకోలేదు. నేను సెలవు పెట్టిన రోజున క్రేన్ ఎక్కే బదిలీ మనిషి వాడు. అంకె బాగా లేకపోతే ఆ ముక్కా దక్కదు.

"బావా, నీ వేలు ఇటివ్వు. నీ రక్తానికి ఉన్న బుద్ధి నాకు లేదు" అంటూ తన మీటరు పట్టుకొచ్చేవాడు.

"ఒక్క చుక్కేగా, ఇస్తే అరిగిపోతారా?" అనేది వాళ్ళక్క, అంటే నా భార్య.

పోనీలే అని ఇచ్చాను. ఎనిమిది నెలలు, రోజుకు రెండు పోట్లు.

మొన్న డాక్టరు పిలిచాడు. "క్రేన్ మీద ఉండగా కళ్ళు తిరిగాయని రాశారు. ఇకమీదట కిందే పని చూసుకోండి" అన్నాడు.

"నేనెప్పుడు రాశానండీ?"

"మీ ఫోన్లోంచేగా వచ్చింది?"

కళ్ళు తిరిగిన మాట నిజమే. కాకపోతే క్రేన్ మీద కాదు, కింద, తిండి వేళ దాటిపోయిన రోజున. నా నోట్లో చక్కెర పోసింది వాడే. ఆ చేత్తోనే ఫోన్లో నొక్కాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఇదే. డాక్టరుకు చెబుదామంటే, వేలిచ్చిన దొంగను నేనే.

ఇంటికొచ్చి నిలదీశాను. "ఎందుకు రాశావురా?"

"నీ మంచికే బావా. పైనుంచి పడితే మా అక్క గతేంటి?"

"మరి నీకు తిరగవా కళ్ళు?"

"నా రికార్డు చూడు బావా, బంగారం!" అని నవ్వాడు.

ఈ పొద్దున మళ్ళీ మీటరుతో వచ్చాడు. పిడికిలి బిగించాను. "ఆ రేకుల కింద తిరిగేది ఇప్పుడు నేనురా" అన్నాను.

నా భార్య గిన్నెలు తోముతున్నదల్లా లేచొచ్చింది. "వాడికి టైమవుతోంది" అంది, నా వైపు చూడకుండా. తడి చెయ్యి తుడుచుకుని, తమ్ముడి ముందు తన వేలు చాపింది.