గేర్‌బాక్స్ బ్యాండులో నాలుగో మనిషి

ఆదివారం ప్రార్థన ముగిశాక నలుగురు మగవాళ్లకు అన్నం వండి, రెండు క్యారేజీల్లో సర్దుకుని, గుణదల నుంచి ఆటోనగర్ దాకా సిటీ బస్సులో మోసుకెళ్లడం రూతు పని. అది పని అని ఎవరూ అనలేదు. "ఎలాగూ వండుతావుగా, ఇంకో రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ పొయ్యి" అన్నాడు ఆమె మొగుడు ఏసుపాదం, పెళ్లయిన కొత్తలో. బియ్యంతో పాటు కూరా, నీళ్లూ, అంట్లూ ఎక్కువవుతాయని అతనికి తట్టలేదు. అతను లేతు మిషన్ మీద పనిచేసే షెడ్డుకు ఆదివారం సెలవు. యజమాని రత్తయ్యకు పాటలంటే సరదా, తాళం ఇచ్చేవాడు. షెడ్డులో సాధన చేసే బ్యాండు కాబట్టి పేరు గేర్‌బాక్స్ అని పెట్టుకున్నారు. ఏసుపాదం గిటారు వాయిస్తూ పాడతాడు. పక్కవీధిలో కార్లకు టింకరింగ్ చేసే కరిముల్లా డ్రమ్స్ కొడతాడు. గవర్నర్‌పేటలో ఫ్యాన్ల హోల్‌సేల్ షాపు వాళ్ల అబ్బాయి హర్షవర్ధన్‌ది కీబోర్డు. నాలుగో అతను బేస్ గిటారు వాయించేవాడు. తొంభై ఏడు ఎండాకాలంలో రైల్వే ఉద్యోగం వచ్చి బిలాస్‌పూర్ వెళ్లిపోయాడు. హర్షవర్ధన్ కొన్న గిటారు మాత్రం షెడ్డు గోడకు ఆనుకుని ఉండిపోయింది.

రూతు ఆ గిటారును మూడు ఆదివారాలు చూసింది. అన్నం వడ్డిస్తూ చూసింది, గిన్నెలు సర్దుతూ చూసింది. దానికి నాలుగే తీగలు. కంకిపాడు దగ్గర పల్లెలో వాళ్ల నాన్న చర్చిలో పాటలు నేర్పేవాడు. ఇంట్లో ఒక పాత గిటారు ఉండేది. దానికి సన్నతీగలు రెండు తెగిపోయాయి. బెజవాడ వెళ్లినప్పుడు కొత్తవి తెస్తానని నాన్న ఏడెనిమిదేళ్లు చెబుతూనే ఉన్నాడు. అందుకని రూతు మిగిలిన నాలుగు లావుతీగల మీదే నేర్చుకుంది. పై స్వరాలు ఆమెకు రావు, కింద స్వరాలన్నీ వచ్చు. పెళ్లి సామాన్లతో పాటు ఆ గిటారు కూడా తెచ్చుకోబోతే అత్తగారు తెరేసమ్మ, "మా వాడికి ఒకటుంది. ఒక ఇంట్లో రెండు ఎందుకమ్మాయ్" అంది. నిజమే కదా అనుకుంది రూతు. ఆ వయసులో ఎవరేం చెప్పినా నిజమే కదా అనిపించేది.

నాలుగో ఆదివారం మగవాళ్లు తిని, చేతులు కడుక్కుని బయట కబుర్లలో పడ్డారు. గిన్నెలు ఎత్తబోయిన రూతు, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని గిటారు ఒళ్లోకి తీసుకుంది. బరువుగా ఉంది, నిద్రపోయిన పిల్లంత బరువు. స్పీకరు స్విచ్చు వేసి ఉందని ఆమెకు తెలియదు. బొటనవేలితో లావుతీగను ఒక్కసారి కొట్టింది. శబ్దం చెవికి రాలేదు ముందు. నేలలోంచి అరికాళ్లలోకి వచ్చింది, మోకాళ్లు దాటి కడుపులో నిలిచింది, ఆ తర్వాత వినపడింది. రూతు కదలకుండా కూర్చుండిపోయింది. ప్రార్థనలో పెద్దవాళ్లు చెప్పే సన్నిధి అనే మాట ఇన్నాళ్లూ ఆమెకు అర్థం కాలేదు.

తర్వాత ఆమె వేళ్లకు తెలిసిందే వాయించింది. కొండవాలు మీద వాళ్ల వీధికి రోజు విడిచి రోజు పొద్దున్నే పంపు వస్తుంది. నీళ్లకు ముందు గాలి వస్తుంది. గుటుక్కుమని ఒకసారి. ఆగి, గుట్ గుటుక్కుమని ఇంకోసారి. మళ్లీ ఆగుతుంది. ఆ ఆగడంలోనే ఉంది అంతా. నలభై మంది ఆడవాళ్లు బిందెల మీద చేతులు వేసి ఊపిరి బిగబట్టేది అక్కడే. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ చప్పుడుకు బిందె అంచు మీద బొటనవేలితో తాళం వేసుకోవడం ఆమెకు అలవాటు. అదే ఇప్పుడు తీగ మీద వేసింది.

తడిచేతులతో లోపలికొచ్చిన కరిముల్లా గుమ్మంలో ఆగిపోయాడు. మాట్లాడకుండా వచ్చి డ్రమ్స్ ముందు కూర్చుని, ఆమె ఆగిన చోట తనూ ఆగుతూ, ఆమె కొట్టిన చోట తనూ కొట్టాడు. హర్షవర్ధన్ పరిగెత్తుకొచ్చాడు. "వదినా, ఇంకోసారి. ఆపకండి, ఇంకోసారి. దీన్నే ఇంగ్లీషు సంగీతంలో ఫంక్ అంటారు. క్యాసెట్లు పెట్టుకుని ఏడాది నుంచి మేం దీనికోసమే కొట్టుకు చస్తున్నాం. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. పంపు అలా మోగుతుంది" అంది రూతు.

ఏసుపాదం గుమ్మం దగ్గరే నిలబడి భార్యను కొత్తగా చూశాడు. ఆ చూపులో సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "సరే, గిన్నెలు తర్వాత సర్దుకోవచ్చులే" అన్నాడు. ఆ మాటతో ఆమె బ్యాండులో చేరినట్టయింది.

పాట పేరు 'నీళ్లొచ్చాయ్'. వీధిలో ఆడవాళ్లు ఒకరినొకరు కేకేసుకునే మాటలే పల్లవి. చరణాలు ఏసుపాదం రాశాడు. తొంభై ఎనిమిదిలో హైదరాబాద్ వెళ్లి రికార్డు చేశారు. వెంకటకృష్ణారావు అనే పెద్దాయన అక్కడ రికార్డింగు చూసేవాడు. అద్దం అవతల రూతు వాయిస్తుంటే ఆయన చెవులకున్నవి తీసి, లేచి నిలబడి విన్నాడు. "ఎక్కడ నేర్చుకున్నావు తల్లీ" అని అడిగితే ఆమె నోరు తెరిచేలోపే ఏసుపాదం, "ఇంట్లో ఊరికే అలా... నేనే కొంచెం చూపించానండీ" అన్నాడు. రూతు అతనివైపు చూసింది. చూపించింది ఏమిటో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది కూడా. అంత నమ్మకంగా చెప్పాడు.

క్యాసెట్టు అట్ట మీద ముగ్గురి ఫోటోలే వచ్చాయి. "నీదీ వేద్దామనే అన్నారు. నేనే వద్దన్నాను. పెళ్లయినదాని ఫోటో పాన్‌షాపుల్లో వేలాడటం ఏం మర్యాద? అయినా నా పేరుంటే నీ పేరున్నట్టు కాదూ" అన్నాడు ఏసుపాదం. అదీ నిజమేనేమో అనుకుంది. రెండు నెలలు తిరిగేసరికి గవర్నర్‌పేట క్యాసెట్ల షాపులన్నిట్లో అదే పాట. ఆటోల్లో, పెళ్లి పందిళ్లలో, తెనాలి నుంచి బందరు దాకా కాలేజీ వార్షికోత్సవాల్లో అదే. కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుకుంటూ ఆమె తన బొటనవేలి చప్పుడు ఎదురుగా వచ్చే బస్సులోంచి విన్నది. బండివాడు తలూపుతున్నాడు. ఈ చప్పుడు నాదేనయ్యా అని చెబుదామనుకుంది, నమ్మడని మానేసింది.

స్టేజీ మీద ఆమెకు స్పీకరు పెట్టెల పక్కన ఒక కుర్చీ వేసేవారు. సగం కనపడేది, తల మీద కొంగు ఉండేది. ఆ ఏడాది డిసెంబరులో బెజవాడలోని ఒక కాలేజీ మైదానంలో పదివేల మంది వచ్చారన్నారు. ఆ పదివేల మంది ఒక్కసారి 'నీళ్లొచ్చాయ్' అని అరిస్తే ఎంత గట్టిగా ఉంటుందో ఊహించుకోవచ్చు. రూతును వణికించింది ఆ అరుపు కాదు. అరుపుకు ముందు, ఆమె వేలు తీగ మీద ఆగిన చోట, అంతమందీ ఆగారు. ఒక్క కాలు కదల్లేదు. కావిడి మోసేవాడు బరువు భుజం మార్చుకునేంత సేపు మైదానమంతా ఆమె బొటనవేలి కింద ఊపిరి బిగబట్టి ఉంది. ఆమె తీగ కొట్టింది. పదివేల జతల కాళ్లు నేలకు తగిలాయి. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందో లేదో ఎవరో చెప్పేదాకా తెలియని మనిషి తను. తనలోంచి ఇది ఎలా వస్తోంది? భయం వేసింది ఆమెకు. మోకరించాలనిపించే భయం.

తొంభై తొమ్మిదిలో నెల తప్పింది. "కడుపుతో ఉన్నదానికి ఆ దడదడలేంటి, లోపలి బిడ్డ చెవులేం కావాలి" అంది తెరేసమ్మ. చెన్నై నుంచి ఒక గిటారిస్టును పిలిపించారు. రూతు కొండ మీద ఇంట్లోనే ఉండి కూతురిని కన్నది. క్యారేజీలు మాత్రం మానలేదు. ఎనిమిదో నెల దాకా వండి పంపింది.

పాపకు నాలుగో నెల వచ్చాక బెజవాడలో పెద్ద షో ఉందంటే, బిడ్డను ఒళ్లో వేసుకుని మొదటిసారి జనంలో, ఆడవాళ్ల వైపు కూర్చుంది. ఎదురుగా స్టేజీ మీద తన కుర్చీ లేదు. ఆ చెన్నై కుర్రవాడు నిలబడి వాయిస్తున్నాడు, వేళ్లు కనపడనంత వేగంగా. తనకంటే బాగా వచ్చు అనుకుంది నిజాయితీగానే. పాట మొదలైంది. ఆ చోటు వచ్చింది. అతను ఆగలేదు. ఖాళీ కనపడగానే అక్కడ నాలుగు స్వరాలు వేసి నింపేశాడు. జనం 'నీళ్లొచ్చాయ్' అని అరిచారు, చప్పట్లు కొట్టారు, కాళ్లు మాత్రం లేవలేదు. పక్కన కూర్చున్న ఒకావిడ, "క్యాసెట్‌లో బాగుంటుందండీ, ఇక్కడేదో తగ్గింది" అంది తన చెల్లెలితో.

ఏం తగ్గిందో ఆ మైదానంలో ఒక్క రూతుకే తెలుసు. ఉన్నంతకాలం తను ఉన్నట్టే ఎవరూ చెప్పలేదు. లేకపోవడం మాత్రం ఇంతమందికి వినపడుతోంది. స్టేజీ నుంచి చివరి వరస దాకా పరుచుకున్న ఆ లోటు అచ్చంగా తన ఆకారంలోనే ఉంది. ఆ ఆకారం ఎంత పెద్దదో ఆమె అప్పుడే చూసింది. పాప నిద్రలో ఉలిక్కిపడితే గుండెకు హత్తుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి బాధతో వచ్చినవి కావని ఆమెకు తెలుసు.

మర్నాడు కరిముల్లా ఇంటికొచ్చాడు. ఏసుపాదం మైకు సెట్టువాడిని తిడుతున్నాడు. కరిముల్లా అతన్ని పట్టించుకోకుండా వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "అక్కా, నేనెంత కొట్టినా కింద నేల ఉన్నట్టు లేదు. నువ్వొస్తే తప్ప కుదరదు."

"వస్తాను కరిముల్లా. రెండో క్యాసెట్ మీద నా పేరు వేయించండి. ఫోటో వద్దు, పేరు చాలు."

ఏసుపాదం నవ్వాడు. "పేరుతో ఏం చేసుకుంటావే? పసిపిల్లను పెట్టుకుని నీకెందుకీ పేచీ?"

"పేచీ కాదండీ. అడుగుతున్నాను."

అతను మళ్లీ మైకు సెట్టువాడి మీద పడ్డాడు. రెండో క్యాసెట్ చెన్నై కుర్రవాడితోనే చేశారు. అట్టపెట్టెలు ఎలా వెళ్లాయో అలాగే షాపుల నుంచి తిరిగొచ్చాయి. ఎక్కడికెళ్లినా జనం పాత పాటే అడిగేవారు, అది వాయిస్తే పెదవి విరిచేవారు. రెండు వేల ఒకటిలో కంకిపాడు దగ్గర ఒక పెళ్లిలో, పాట సగంలో ఉండగా పెళ్లికూతురి మేనమామ వచ్చి, "చాల్లెండి, ఇక సినిమా పాటలు పెట్టిద్దాం" అన్నాడు. ఏసుపాదం మైకు దించి, వైరు చుట్టుకుంటూ స్టేజీ దిగాడు. గేర్‌బాక్స్ అక్కడితో ఆఖరు. హర్షవర్ధన్ ఫ్యాన్ల షాపులో కూర్చున్నాడు. రత్తయ్య షెడ్డు అమ్మేసుకుంటే కరిముల్లా బేస్ గిటారునూ, చిన్న స్పీకరు పెట్టెనూ ఆటోలో వేసుకొచ్చి రూతుకు ఇచ్చాడు. "హర్షను అడిగానక్కా. ఇది నీ దగ్గరే ఉండాలన్నాడు" అన్నాడు. ఏసుపాదం దాన్ని చూడటం ఇష్టంలేక మంచం కిందకు నెట్టించాడు.

ఆ మంచం తెరేసమ్మది. తుంటి విరిగి ఆవిడ అప్పటికే మంచం పట్టింది. ఏసుపాదం పనికి వెళ్లాక, అత్తగారికి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, గంజి తాగించి, ఒక మధ్యాహ్నం రూతు గిటారు బయటికి తీసింది. స్పీకరు మంచం కిందే ఉంది. నెమ్మదిగా ఒక తీగ మోగించింది.

"ఏంటమ్మాయ్ అది" అంది తెరేసమ్మ.

"ఆపేస్తాలెండి అత్తయ్యా."

"ఆపమని అన్నానా? మంచంలోంచి నడుముకు తగులుతోంది. హాయిగా ఉంది. ఇంకోసారి మోగించు."

"మీరే కదా దడదడ అన్నారు అప్పట్లో."

"అప్పుడు నిలబడి విన్నాను. పడుకుని వింటే వేరేగా ఉంది." మళ్లీ తనే, "వాడికి చెప్పకులే, ఎందుకొచ్చిన గొడవ" అంది.

అలా నాలుగేళ్లు, రోజూ మధ్యాహ్నం. ఆవిడకు నచ్చితే కళ్లు మూసుకునేది, నచ్చకపోతే, "నిన్నటిది బాగుంది, ఇది కుదర్లేదు నీకు" అనేది. ఆ మాట మాత్రం రూతు నిజమేనా అని వెతికి చూసుకునేది. చాలాసార్లు నిజమే అయ్యేది. రెండు వేల అయిదులో తెరేసమ్మ పోయింది. రూతు ఖాళీ మంచం పక్కన కూర్చుని వాయిస్తూనే ఉంది.

ఆ తర్వాతి ఏడాది హైదరాబాద్ నుంచి టీవీవాళ్లు వచ్చారు. పాత ప్రైవేటు పాటల మీద ఏదో కార్యక్రమం. ఫౌజియా అనే అమ్మాయి, ఆమెతో ఒక కెమెరామన్. ఏసుపాదం ఇస్త్రీచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. జుట్టు పలచబడింది, గొంతులో కాస్త జీర వచ్చి చేరింది. రూతు కాఫీలు కలిపి తెచ్చేసరికి ఆ అమ్మాయి అడుగుతోంది: "సార్, అసలు అందరూ అడిగేది ఆ బేస్ గిటార్ గురించండీ. ఎవరు వాయించారు? క్యాసెట్ మీద పేరు లేదు."

ఏసుపాదం భార్య చేతిలోని ట్రే వైపు చూశాడు. "అప్పట్లో ఎవరో ఒకళ్లు వచ్చి వాయించేవాళ్లండీ. చెన్నై నుంచి వచ్చేవాళ్లు. పేర్లు గుర్తులేవు."

రూతుకు కోపం వస్తుందేమో అని తనే ఎదురుచూసింది. రాలేదు. అతని చేతులు మోకాళ్ల మీద ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. ఇతను భయపడుతున్నాడు అనుకుంది. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ రోజు నుంచీ భయపడుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లూ దాన్ని తను మర్యాద అనుకుంది, మొగుడి మాట అనుకుంది.

కాఫీలు ఇచ్చి లోపలికి వెళ్లింది. మంచం కింద నుంచి స్పీకరు లాగి, ముందుగదిలో పెట్టి, ప్లగ్గు పెట్టింది. గిటారు తెచ్చుకుని ఏసుపాదం ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. బయటివాళ్లు ఉన్నప్పుడు ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఫౌజియా చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. "మీరా మేడమ్?"

"నేనేనమ్మా. నా పేరు రూతు."

కెమెరా ఆమె వైపు తిరిగింది. ఏసుపాదం తేరుకున్నాడు. ఎంతైనా పాటగాడు. నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, మొహాన నవ్వు తెచ్చుకుని, పల్లవి ఎత్తుకోవడానికి సిద్ధమయ్యాడు. రూతు తీగ కొట్టింది. నేల కదిలింది, కాఫీ కప్పుల్లో వలయాలు లేచాయి. అతను నోరు తెరిచాడు. ఎత్తుకునే చోటు కనపడలేదు. ఇంకొంచెం ముందుకు వంగి విన్నాడు. అది 'నీళ్లొచ్చాయ్' కాదు. అతను ఎన్నడూ విననిది, ఎక్కడెక్కడో ఆగుతూ, ఆగిన ప్రతిచోటా గదిని ఊపిరి బిగబట్టిస్తూ సాగుతోంది. నవ్వు మెల్లగా అతని మొహం నుంచి జారిపోయింది. దాని బదులు వచ్చిందేమిటో రూతుకు బాగా తెలుసు. తీగ మొదటిసారి మోగిన ఆదివారం తన మొహం అలాగే ఉండి ఉంటుంది.

"ఇదెప్పటిది" అన్నాడు, దాదాపు గుసగుసగా. "నేనెక్కడ అందుకోవాలి?"

"ఊరికే వినండి" అంది రూతు, వేళ్లు ఆపకుండా. "ఇలాంటివి ఇంకా పదిహేడున్నాయి."