గంపెడు ఊక

వరమ్మ నెత్తిమీది గంపని వాచ్‌మన్ వీరాస్వామి లాగి నేలకేసి కొట్టాడు. నేను చూశాను. భుజాన బస్తా ఉండగానే చూశాను.

ఊక ఆమె జుట్టులోకి, కళ్ళలోకి పోయింది. కళ్ళు తుడుచుకుని, గేటు ముందే చతికిలబడి, రెండు చేతులా ఊక దగ్గరికి తీయబోయింది. ఆఫీసు గదిలోంచి వచ్చిన మిల్లు యజమాని భాస్కరరావు ఆ కుప్పమీద చెప్పుకాలు వేసి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళనించే ఈ దొంగతనం?"

"దొంగతనం ఏంటండీ. మీ నాన్నగారి హయాంనించీ పనయ్యాక గంపెడు ఊక తీసుకెళ్తున్నాం గదండి."

"అప్పుడది చెత్త. ఇప్పుడు సరుకు. గుప్పెడు పోయినా పోలీసుల్ని పిలుస్తా."

మా అమ్మకి పిన్నతల్లి కూతురు వరమ్మ. ఆ మిల్లు కళ్ళంలో ధాన్యం ఆరబోసి, తిరగదోసి, ఎత్తిపోసి ముసలిదయిపోయింది. ఆమె వెనక పేట ఆడవాళ్ళంతా గంపలతో నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి గంప కుమ్మరించి, ఖాళీ గంపతో వెళ్ళిపోయారు. ముఠా కూలీలం మేమూ తల దించుకుని బస్తాలు మోసుకున్నాం.

కాలేజీ పిల్లలకీ మిల్లు కూలీలకీ కలిపే చెబుతున్నాను. పిల్లలు పర్యావరణం గురించి పుస్తకాల్లో చదువుకుంటారు. రెండువేల ఏడు వేసవిలో, రెండో పంట దాళ్వా ధాన్యం మిల్లుకొచ్చే రోజుల్లో, తాడేపల్లిగూడెం పక్కన మా పేటకి ఆ పర్యావరణం ఎలా వచ్చిందో వినండి.

ముందు ఊక పొయ్యి సంగతి. పాత రేకుడబ్బాకి అడుగున పక్కగా చిల్లు పెడతారు. నడుమ నున్నటి కర్ర నిలబెట్టి చుట్టూ ఊక దట్టిస్తారు. కర్ర మెల్లిగా పైకి లాగేస్తే నడుమ గొట్టంలా సందు మిగులుతుంది. కింద నిప్పు పెడితే ఇక ఊదక్కర్లేదు. అన్నం, కూర, పిల్లల స్నానానికి నీళ్ళు, అన్నీ దానిమీదే అవుతాయి. డెల్టాలో అడవి లేదు, చెట్టున్న ప్రతి గట్టుకీ ఓ ఆసామి ఉన్నాడు. గ్యాసు మా పేట మొహం చూడలేదు. ఊక ఆగితే పొయ్యి ఆగుతుంది, అంతే లెక్క.

ఆ ఊకంతా ఇప్పుడు ఎక్కడికి పోతోందంటే, మా పేట వెనకాలే కట్టిన కరెంటు ప్లాంటుకి. అక్కడ ఊక కాల్చి కరెంటు తీస్తారు. బూడిద మా మీద పోస్తారు. ఆరేసిన బట్టల మీద, కుండలో నీళ్ళ మీద, పసిపిల్లల కనురెప్పల మీద నల్లటి నుసి. మా ఊక వాడు తీసుకున్నాడు, వాడి బూడిద మాకిచ్చాడు. ఇంతకంటే సిగ్గులేని బేరం నేను చూడలేదు.

ఇక్కడే మా తప్పూ ఉంది. ప్లాంటు పెట్టకముందు మేనేజరు దుర్గేష్ మా చర్చి ఆవరణకొచ్చి మీటింగు పెట్టాడు. తెల్ల చొక్కా, చేతిలో మైకు, పిల్లలకి బిస్కెట్లు. మిల్లుల్లో ఊక వృథాగా కుళ్ళిపోతోందని, ఎవరికీ అక్కర్లేదని, దాన్ని కాలిస్తే భూగోళం చల్లబడుతుందని ఊకదంపుడు ఉపన్యాసం ఇచ్చాడు. చివర్లో, "మా ప్లాంటు వల్ల మీకేమైనా ఇబ్బందాండీ?" అని చేతులు జోడించి అడిగాడు.

ఇంటికొచ్చినవాడు చేతులు జోడించి అడిగితే మా గోదావరివాళ్ళ నోట వచ్చే మాట ఒకటే. "పర్లేదండి" అన్నాం. ముసలివాళ్ళన్నారు, పాస్టరుగారన్నారు, నేనూ అన్నాను. కాలు తొక్కినవాడికి కూడా ఆ మాటే చెబుతాం మేం. దుర్గేష్ ఫొటోలు తీయించుకుని వెళ్ళిపోయాడు.

గంపలు కుమ్మరించిన మర్నాడు సాయంకాలం, ప్రార్థన అయ్యాక, ఎవరూ ఇళ్ళకి పోలేదు. వరమ్మ మనవరాలు పెర్సిస్ రోజూ రైల్లో ఏలూరు వెళ్ళి డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల చెప్పింది.

"జపాన్లో క్యోటో అనే ఊళ్ళో దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయండి. పెద్ద దేశాల ఫ్యాక్టరీలు ఇంతకు మించి పొగ వదలకూడదని రూలు. తగ్గించుకోవాలంటే ఖర్చు గదా. అంచేత ఇంకో దేశంలో ఎవడైనా పొగ తగ్గిస్తే, ఆ తగ్గించినట్టు వాడి దగ్గర పత్రం కొనుక్కోవచ్చట. మన ప్లాంటువాడు అమ్ముకునేది కరెంటొక్కటే కాదండి, ఆ పత్రాలు కూడా. ఊక ఎవరికీ అక్కర్లేని చెత్త అంటేనే వాడి బేరం తెగుద్ది."

"అంటే," అంది వరమ్మ, "ఎక్కడో ఆ ఫ్యాక్టరీవోడు పొగ మానకుండా ఉండడానికి, నేనిక్కడ పొయ్యి మానుకోవాలన్నమాట."

అంత తేటగా మాలో ఎవరికీ తట్టలేదు.

మా ముఠా మేస్త్రి సత్తిబాబు లేచాడు. "అంతా బానే ఉందండి. ప్లాంటుకి ఊక ఎత్తేది మేవే. అది మూయిస్తే మా కూలి మాటేంటి? కొల్లేట్లో చూళ్ళేదా? పోయినేడు పర్యావరణం అని చేపల చెరువులు కొట్టేశారు. పెద్దోళ్ళు ఇంకో వ్యాపారం చూసుకున్నారు. చెరువు గట్టు మీద కూలోడు మా బావమరిది, ఇప్పుడు హైదరాబాదులో ఇటుకలు మోస్తన్నాడు."

"కొల్లేట్లో ఒకళ్ళ పని పోతే ఇంకొకళ్ళు చూస్తా ఊరుకున్నారు," అంది అతని భార్య మాణిక్యం. ఆమె కూడా కళ్ళంలోనే పని చేస్తుంది. "ఇక్కడా అదే చేద్దామా? నువ్వెత్తే ఊక నా పొయ్యిలోది. నీ కూలి బియ్యం దేనిమీద ఉడుకుద్ది, నీ నెత్తి మీదా?"

నవ్వులు లేచాయి. సత్తిబాబు మాత్రం నవ్వలేదు. ఆ మాట నాకూ తగిలింది. మా కూలినీ మా పొయ్యినీ విడదీసి, ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పినవాడు భాస్కరరావు. మేమేమో ఇంట్లో మొగుడూ పెళ్ళాం తగువులాడుకుంటున్నాం. చాలాసేపు అరుచుకున్నాక ఒక మాట మీదికొచ్చాం. ప్లాంటు మూయమనం. మా గంపెడు ఊక మాకు రావాలి, ఆ పొగగొట్టానికి బూడిద ఆపే యంత్రం పెట్టాలి.

రెండు కోరికలూ పట్టుకుని వెళితే దుర్గేష్ మంచినీళ్ళిచ్చి పంపేశాడు. ఆ వారంలోనే వాడే మా పేటకొచ్చాడు.

"ఎల్లుండి ఫారిన్ మేడమ్ గారు తనిఖీకి వస్తున్నారు. మీ ఊక పొయ్యిలు ఇళ్ళలోపల పెట్టుకోండమ్మా. కనిపిస్తే బాగోదు. ఇంటికో స్టీలు గిన్నె ఇస్తాను."

ఆ పత్రాలు ఇవ్వొచ్చో లేదో చూసి రాసేది ఆ మేడమేనట. పొయ్యి కనిపిస్తే ఎందుకు బాగోదో ఇప్పుడు మాకు తెలుసు. మేం బతికి ఉన్నట్టు కనిపించడమే వాడి వ్యాపారానికి అడ్డం. వరమ్మ గిన్నె తీసుకుని, "అలాగేనండి," అంది.

ఆ ఎల్లుండి పొద్దున్న పేట ఆడవాళ్ళంతా పొయ్యిలు చంకనెత్తుకుని ప్లాంటు రోడ్డు మీదికొచ్చారు. గేటునించి కాలవ వంతెన దాకా రెండు వరసలుగా పెట్టారు. రేకుడబ్బాలు, పగిలిన బకెట్లు, నూనె డబ్బాలు. పొయ్యిలున్నాయి గాని ఊక లేదు. అప్పుడే భాస్కరరావు మిల్లునించి ఊక లారీ వచ్చింది. దానిమీద మా ముఠా ఉంది. సత్తిబాబు డ్రైవరుని ఆపమన్నాడు. మేం వల విప్పి, తలుపు దించి, లోడంతా రోడ్డు మీదికి తోసేశాం. నా ఒంట్లో అంత బలం బస్తాలు మోసేటప్పుడెప్పుడూ లేదు.

పొయ్యిలు నిండాయి. కర్రలు పైకి లేచాయి. వరమ్మ తన పొయ్యి ముట్టించి, దుర్గేష్ ఇచ్చిన స్టీలు గిన్నెలోనే ఎసరు పెట్టింది.

ఫారిన్ మేడమ్ కారు పొగలో ఆగింది. దుర్గేష్ పరుగున వెళ్ళి తలుపు తీశాడు. వాడేమన్నాడో పెర్సిస్ విని మాకు చెప్పింది: ఇది ఇక్కడి పండగట. ఆడవాళ్ళు ఏడాదికొకసారి ఇలా రోడ్డు మీద వండుకుంటారట. ఆ మాట నమ్మి ఆమె నవ్వుతూ కెమెరా తీసింది.

వరమ్మ ఆమెకెదురుగా వెళ్ళింది. "అమ్మాయ్, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు," అంది పెర్సిస్‌తో.

"ఏవండీ, ఇది పండగ కాదండి. మా రోజూ వంట. మీరు కుళ్ళిపోతందని రాసుకున్న ఊక ఇదేనండి. మీటింగులో పర్లేదన్నామండి, నిజమే. అది ఇంటికొచ్చిన మనిషికిచ్చిన మర్యాదండి. మా పొయ్యి తీసుకెళ్ళమని కాదండి. ఈరోజు అదే మర్యాదతో చెబుతున్నాం, మేం ఒప్పుకోమండి."

పెర్సిస్ ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పింది. మేడమ్ కెమెరా దించింది. దుర్గేష్‌ని ఏదో అడిగింది. వాడు ఫోను తీశాడు.

పోలీసులు వచ్చారు. అడగకుండానే ఎస్సై మొదటి పొయ్యిని బూటుతో తన్నాడు. నిప్పులు మాణిక్యం కాళ్ళ మీద పడ్డాయి. వరమ్మని ఊక దొంగతనం కేసులో పట్టుకుని, సాక్ష్యానికని ఆమె పొయ్యిని కూడా జీపులోకెక్కించారు. ఊక పొయ్యి సంగతి వాళ్ళకేం తెలుసు. అది ఓసారి రాజుకుంటే లోపలి ఊకంతా అయ్యేదాకా ఆరదు. స్టేషన్లో చెంబుడు నీళ్ళు పోస్తే ఇంకా పొగెక్కింది. కానిస్టేబుళ్ళు దగ్గుకుంటూ బయటికొచ్చారు, వాళ్ళ వెనకే ఎస్సై వచ్చాడు. లోపల వరమ్మ ఒక్కతే కూర్చుంది, ఆ పొగ ఆమెకి అలవాటే.

మధ్యాహ్నం ఆమెని రిమాండుకి పంపారు. వ్యాను ఎక్కుతూ తన నున్నటి పొయ్యికర్ర మాణిక్యం చేతికిచ్చింది. "రేపు పనయ్యాక గంప మర్చిపోకండే," అంది.

ఫారిన్ మేడమ్ ఏం రాసిందో మాకు తెలీదు. ఆమె రాతమీద మా అన్నం పెట్టుకోలేదు మేం.

మర్నాడు సాయంకాలం మిల్లు గేటు దగ్గర భాస్కరరావు స్వయంగా నిలబడ్డాడు. కళ్ళంలోంచి ఆడవాళ్ళంతా నిండు గంపలతో వచ్చారు. ముందు మాణిక్యం, కాలిన పాదాలకి గుడ్డలు చుట్టుకుని. వాళ్ళకి రెండు పక్కలా మేం ఖాళీ చేతులతో నడిచాం. ఆ రోజు ఒక్క లారీ కూడా ఎత్తలేదు. వీరాస్వామి యజమాని వైపు చూశాడు, మావైపు చూశాడు, గంపలకేసి చెయ్యి చాచలేదు.

"వరమ్మ ఎక్కడుందో తెలుసుగా?" అన్నాడు భాస్కరరావు.

"తెలుసండి," అంది మాణిక్యం మెల్లిగా. "అక్కడ మాక్కూడా చోటుంచమని చెప్పండి. గేటు తియ్యండి, పొయ్యి ముట్టించే వేళయ్యింది."