గాల్లో బిగించిన బోల్టు

ఆ ఉదయం ఆకాశం ఏదీ తేల్చుకోకుండా ఉంది. రాత్రంతా సన్నగా కురిసిన వాన తెల్లవారాక ఆగింది గాని మబ్బు కదల్లేదు. తూర్పున మాత్రం చేటంత ఖాళీ ఏర్పడి, అందులోంచి ఎండ నీరసంగా దిగుతోంది. మా మెకానిక్ షెడ్డు రేకుల అంచు నుంచి నీళ్లు ఇంకా ఒకటీ అరా బొట్లుగా రాలుతున్నాయి. నేను తలుపు తీస్తుండగానే మా తమ్ముడి కారు వచ్చి ఆగింది.

చప్పుడు లేకుండా వచ్చింది. అదే వింత.

మా తమ్ముడు ముప్పై మూడేళ్లు తపాలా ఆఫీసులో ముద్రలు వేసి రిటైరయ్యాడు. ఆ మర్నాటి నుంచి వాడికి కారు నేలకి దగ్గరగా ఉండాలన్న కోరిక పుట్టింది. ఎక్కడ చూశాడో తెలియదు. కాయిలోవర్లని, స్ప్రింగూ షాకూ ఒకటిగా కలిసి, మర తిప్పి ఎత్తు మనమే పెంచుకునేవీ తగ్గించుకునేవీ, నాలుగు తెప్పించుకున్నాడు. కారు రెండంగుళాలు కిందికి దిగింది. "ఇంకో రెండు దింపండి, కూర్చోవడం మానేసి పడుకుని వెళ్దాం" అంది మా మరదలు. అంది గాని, రోజూ పొద్దున్నే వాడి పక్కన కూర్చుని ఊరి బయటి వంతెన దాకా వెళ్లొచ్చేది. వాడి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వాళ్లిద్దరూ తీరిగ్గా బయటికి వెళ్లింది నేను చూడలేదు.

వాటిని బిగించింది మా అమ్మాయి. మూడేళ్లుగా షెడ్డులో నా పక్కనే పనిచేస్తోంది. మొదటి నట్టు నుంచి చివరి నట్టు దాకా తనొక్కతే చేసిన మొదటి పని మాత్రం అదే.

అవి బిగించిన పది రోజులకి, ముందరి ఎడమ చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. గతుకు ఎక్కితే కిర్రు, దిగితే టక్కు. అమ్మాయి షాకును పైన బండికి పట్టి ఉంచే మౌంటు నట్టు చూసింది. స్ప్రింగు వదులుగా ఆడుతోందేమోనని దాన్ని కింద పట్టి ఉంచే కాలరు బిగించింది. లింకులు కొత్తవి వేసింది. బ్రేకు ప్యాడ్లు ఊడదీసి మళ్లీ పెట్టింది. చప్పుడు పోలేదు. వారం కిందట మా మరదలు కారెక్కడం మానేసింది. మా తమ్ముడు ఒక్కడే వెళ్లి, వంతెన దాకా పోకుండానే పావుగంటలో తిరిగొస్తున్నాడు.

నిన్న నేను వాళ్లిద్దరికీ మాట ఇచ్చాను. ఇవాళ మధ్యాహ్నం లోపల చప్పుడు దొరక్కపోతే కాయిలోవర్లు తీసేసి పాత షాకులు పెట్టేద్దామని. అమ్మాయి పాత షాకులు మూలనుంచి తెచ్చి, దుమ్ము తుడిచి, గోడవార వరసగా పేర్చింది. ఆ పేర్చిన తీరులోనే నాకు అర్థమైంది. అవి మళ్లీ ఎక్కాయంటే ఇంకో బండిని ఆమె ఒంటరిగా ముట్టుకోదు.

మా మరదలు క్యారేజీ సంచీతో దిగింది. పాత షాకులు ఎక్కించడం కళ్లారా చూడ్డానికి వచ్చిందట.

"ఏం బావగారూ, మీ తమ్ముడి పల్లకీ ఇవాళ నోరు మెదపలేదు. మీ షెడ్డంటే భయం కాబోలు."

"నేను చెప్పలా? దానంతటదే సర్దుకుంటుందని" అన్నాడు మా తమ్ముడు.

"మీరు చెప్పారుగా, ఇక సర్దుకున్నట్టే. మొన్న కుళాయి కూడా ఇలాగే సర్దుకుంది. వంటిల్లంతా నీళ్లు."

అమ్మాయి నవ్వలేదు. ముందరి ఎడమ చక్రం పైన రేకు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా కిందికి నొక్కి వదిలింది. కారు ఊగింది. చప్పుడు రాలేదు. మళ్లీ నొక్కింది. రాలేదు.

"పట్టుకుందామనుకున్న రోజే దాక్కుందేంటి పిన్నీ ఇది?"

"మీ బాబాయి కారు కదే, మీ బాబాయిలాగే. పనుందంటే కనపడదు."

పది గంటలకి మబ్బు విడిపోయింది. కారు ఎండలో ఆరింది. అమ్మాయి దాన్ని తీసుకుని వీధి చివరి స్పీడ్ బ్రేకర్ల దాకా వెళ్లొచ్చింది. వస్తున్నప్పుడే వినపడింది, కిర్రు, టక్కు. మా తమ్ముడి మొహం వాడిపోయింది. అమ్మాయి మొహం మాత్రం వెలిగింది.

"నాన్నా, ఆరాక మొదలైంది."

ఇంకేమీ చెప్పకుండా చెంబుతో నీళ్లు తెచ్చింది. చక్రం వెనక్కి చెయ్యి పెట్టి ఒక్కో చోటా కొద్దికొద్దిగా పోస్తూ, "నొక్కు బాబాయ్" అంది. పైన మౌంటు మీద పోస్తే కిర్రుమంది. లింకు మీద పోస్తే కిర్రుమంది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది ఆర్ము మొదట్లో, బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ మీద పోసింది. చప్పుడు ఆగిపోయింది.

"ఇనుమైతే నీళ్లకి ఊరుకోదు" అంది. "రబ్బరు."

నేను కారు కింది గుంతలోకి దిగి, లైటు పట్టుకుని చూశాను. బుష్ పిండుతున్న తువ్వాలులా మెలితిరిగి ఉంది. దాన్ని బిగించిన బోల్టు తల మీద నుంచి అడ్డంగా తెల్లరంగు గీత, చెయ్యి వణక్కుండా గీసింది. బిగించినట్టు గుర్తుకి నేను నేర్పిన గీతే అది.

వయసులో ఉన్నప్పుడు ఒక బండిని జాకీ మీద నుంచి దింపాక కింది బోల్టులు బిగించడం మరిచిపోయాను. అది వీధి మలుపు దాటలేదు. చక్రం పక్కకి వాలిపోయి, డ్రైవరు నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఆనాటి నుంచి మా షెడ్డులో ఒకటే చట్టం. ప్రతి బోల్టూ గాల్లో ఉండగానే పూర్తిగా బిగించాలి, గీత గియ్యాలి, ఆ తర్వాతే చక్రం నేలను తాకాలి. అమ్మాయికి బడిలో వేయకముందే ఆ మాట తెలుసు.

కాని ఆ మెలిక చూశాక ఇప్పుడు తెలిసింది. చక్రం వేలాడుతున్నప్పుడు ఈ బోల్టు బిగిస్తే రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే బిగుసుకుంటుంది. బరువు పడగానే మెలితిరుగుతుంది. ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. కారు ఎంత కిందికి దిగితే మెలిక అంత పెద్దది. ఉత్త షాకులు మార్చేటప్పుడు ఆ బోల్టు జోలికి పోనక్కర్లేదు. ఈ కొత్తవి పట్టడానికి అమ్మాయి దాన్ని వదులు చేసి, మళ్లీ నా చట్టం ప్రకారం బిగించింది.

నేను మార్చిన బుష్‌లు గుర్తొచ్చాయి. ఏడాదికే చిరిగిపోతున్నాయని సామాన్ల కొట్టువాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో. రెండు కొట్లు మార్చాను కూడా.

"ఏంటన్నయ్యా, నాసిరకం బుష్షేనా?" మా తమ్ముడు వంగి అడిగాడు. ఎప్పుడూ నేననే మాటే అది.

"కాదు బాబాయ్. నేనే ఎక్కడో తప్పు బిగించుంటాను" అంది అమ్మాయి. "పోనీలే నాన్నా. పాతవి ఎక్కించేద్దాం."

నేను మాట్లాడకపోతే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. నేను మాట్లాడకపోవడం వాళ్లకి అలవాటే. గుంతలోంచి పైకి వచ్చి చేతులు తుడుచుకున్నాను. తుడవాల్సిన దానికన్నా ఎక్కువసేపే తుడుచుకున్నాను.

"నువ్వు నేను చెప్పినట్టే బిగించావు తల్లీ. చెప్పడమే తప్పు. ఈ బోల్టు గాల్లో బిగించకూడదు, బండి తన కాళ్ల మీద నిలబడ్డాక బిగించాలి. ఇన్నేళ్లూ నేను తప్పే బిగించాను."



"ఏవండీ" అంది మా మరదలు, "బావగారు ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడారు. ఇవాళ తేదీ ఎంత?"

అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి పని తెలిసిన మనిషిలా అడిగింది.

"మరి మర్చిపోతే? ఆ నుదుటి కుట్లు?"

"నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె ఆలోచించింది. "గాల్లో చేత్తో బిగించి వదిలేద్దాం. ఆ పానాని స్టీరింగుకి తాడుతో కట్టేద్దాం. అది విప్పందే ఎవరూ బండి తోలలేరు."

ముప్పై ఏళ్లలో నాకు తట్టలేదు.

కారు నాలుగు చక్రాల మీదా నిలబడి ఉండగా అమ్మాయే గుంతలోకి దిగింది. నట్టు వదులు చేస్తూ అర చుట్టు తిప్పిందో లేదో బుష్ టక్కుమని వెనక్కి తిరిగి తన చోట కూర్చుంది.

"అదే! అదే చప్పుడు!" అని మా తమ్ముడు తప్పిపోయిన మనిషి కనపడ్డట్టు అరిచాడు.

"బాబాయ్, పిన్నీ, ఇద్దరూ చెరో పక్కా నొక్కండి. ఇంకా, ఇంకా."

"ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరం కలిసి ఒక పని చెయ్యడం ఇదే మొదలు" అంది మా మరదలు ఆయాసపడుతూ.

"నువ్వు నొక్కట్లేదు, ఆనుకున్నావంతే."

"నేను ఆనుకుంటేనే దిగుతోంది, మీరు నొక్కినా దిగట్లేదు."

కారు సర్దుకున్నాక అమ్మాయి బిగించి, కొత్త గీత గీసింది. నాలుగు చక్రాలకీ అలాగే చేసింది. నేను లైటు పట్టుకున్నాను. చెయ్యి పెట్టలేదు.

ముగ్గురూ కారులో బయల్దేరారు. మా మరదలు అడగకుండానే ముందు సీట్లో కూర్చుంది. అమ్మాయి వెనక కూర్చుని చెవి కిటికీకి ఆనించింది. వాళ్లు వెళ్లాక పాత షాకులు తీసి అటక మీద పడేశాను. స్పీడ్ బ్రేకర్ల దాకా వెళ్లిరావడానికి ఐదు నిమిషాలు చాలు. పది నిమిషాలయ్యింది, ఇరవై అయ్యింది. వంతెన దాకా వెళ్లారని అర్థమైంది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

ముప్పావుగంటకి వచ్చారు. టైర్లు ఆరిన మట్టి తొక్కిన మెత్తటి శబ్దం తప్ప ఏమీ వినపడలేదు.

చేతులు కడుక్కున్నాం. మా మరదలు పని బల్ల మీద పాత కాగితాలు పరిచి క్యారేజీ గిన్నెలు విప్పింది. అన్నం ఇంకా వెచ్చగానే ఉంది. నలుగురం బల్ల చుట్టూ నిలబడే తిన్నాం. మా తమ్ముడు కూర గిన్నె ఆమె వైపు జరిపాడు. అమ్మాయి నాకు అడక్కుండానే మారు వడ్డించింది.

సగంలో ఉండగా గేటు ముందు ఎవరిదో బండి వచ్చి ఆగింది. ఇంజను దగ్గుతోంది. నేను తల ఎత్తి అమ్మాయి వైపు చూశాను. ఆమె ఎడమచేత్తో బండివాణ్ణి ఆగమని సైగ చేసి, ముద్ద నోట్లో పెట్టుకుంది.