నాలుగో ట్రాకు మీద సింహాద్రి

నేను ఒక క్యాసెట్ రికార్డరుని. ఇంట్లో కూర్చుని పాటలు వినే రకం కాదు, పాటలు తయారుచేసే రకం. నాలో పెట్టేది మామూలు క్యాసెట్టే. కానీ దాని మీద నాలుగు ట్రాకులు వేరువేరుగా రాసుకోవడం నాకు తెలుసు. ఒకదాని మీద డ్రమ్ములు, ఒకదాని మీద గిటారు, ఇంకోదాని మీద బేస్, నాలుగోదాని మీద గొంతు. ట్రాకుకో మీట ఉంటుంది. మీట పైకి జరిపితే ఆ మనిషి వినిపిస్తాడు. కిందికి లాగితే అసలు ఆ గదిలోకే రానట్టు మాయమైపోతాడు.

నేను పుట్టింది జపానులో. నా మూతకి స్క్రూలు బిగించిన ఆవిడ పనిచేస్తూ పెదాలు కదపకుండా ఏదో కూనిరాగం తీసేది. అప్పటికి నాలో టేపు లేదు గనక ఆ రాగం నాకు మిగల్లేదు. ఉందన్న జ్ఞాపకం మాత్రం ఉంది. ఒక ఓడ ఉద్యోగి నన్ను కొనుక్కుని, నాలుగు సముద్రాలు తిప్పి, విసుగొచ్చి విశాఖపట్నం హార్బరు దగ్గర పాత సామాన్ల కొట్టులో వదిలేశాడు. అక్కణ్ణించి ఒక చర్చి వాళ్ళు తీసుకెళ్ళారు. గాయక బృందం పెద్ద యోబుగారు నాకు అంచులకి లేసు కుట్టిన తెల్ల గుడ్డ కప్పారు. తొమ్మిదేళ్ళపాటు నేను కీర్తనలు తప్ప మరొకటి వినలేదు. తర్వాత చర్చికి కంప్యూటర్ వచ్చింది. నన్ను అదే గుడ్డతో సహా బల్ల కిందకి తోసేశారు. మనుషులు ఒక వస్తువుని వదిలించుకునే ముందు దాని మీద గుడ్డ కప్పడం నాకు వింతగా ఉంటుంది. చలి వేస్తుందనో, చూడలేకో!

హైమవతి నన్ను చూసింది ఆ బల్ల కిందే. జగదాంబ సెంటరు దగ్గర జిరాక్స్ కొట్టులో పనిచేసేది. ఇరవై ఆరేళ్ళు, వేళ్ళకి ఎప్పుడూ నల్ల పొడి. క్రిస్మస్ పాటల పుస్తకాలు తెచ్చివ్వడానికి వచ్చి, వంగి, గుడ్డ ఎత్తి చూసి, అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

"ఇది పనిచేస్తుందా అండీ?" అని అడిగింది.

"చేస్తుందమ్మా. కానీ నీకెందుకు? కీర్తనలు పాడతావా?" అన్నారు యోబుగారు.

హైమ అబద్ధం చెప్పలేక నవ్వింది. ఆయన ఇంకేమీ అడక్కుండా నన్ను ఆటో దాకా మోయించి పంపారు.

హైమకి ఒక పిచ్చి ఉండేది. ఓడల వాళ్ళు అమ్మేసిపోయిన క్యాసెట్లలో అట్ట కూడా లేనిదొకటి ఆమెకి దొరికింది. గిటార్లు రంపాల్లా కోస్తుంటే, డ్రమ్ములు పరుగెడుతుంటే, ఎవడో గుండెల్లోంచి గర్జిస్తున్న క్యాసెట్ అది. ఏ భాషో తెలియదు, ఎవరో తెలియదు. అయినా అరిగిపోయేదాకా విన్నది. "ఈ ఊళ్ళో ఇంత ఇనుముంది, ఇంత చప్పుడుంది. మన పాటల్లో అందులో పిసరు కూడా లేదేం?" అనేది. ఉప్పుగాలికి ఊళ్ళో ప్రతి గేటూ, ప్రతి కిటికీ చువ్వా తుప్పు పడతాయి కాబట్టి తన కంపెనీకి 'తుప్పు రికార్డ్స్' అని పేరు పెట్టింది. కంపెనీ అంటే అల్లిపురంలో ఆమె అద్దె ఇంటి మేడమీద గది, ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చి గోడలకి వేలాడదీసిన పాత బొంతలు, మధ్యలో నేను.

మొదట దొరికినవాడు జిలానీ. బస్సు డిపోలో మెకానిక్, చేతిలో రెంచీ ఉన్నా డ్రమ్ము కర్రే అనుకునేవాడు. తర్వాత గిటారుకి ఫిలిప్ వచ్చాడు. యోబుగారి బృందంలోనే వాయించేవాడు కాబట్టి నన్ను చూడగానే పాత చుట్టాన్ని చూసినట్టు తలమీద తట్టాడు. బేస్ తనే వాయిస్తానంది హైమ. ఇక గొంతు కావాలి.

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక కారం మర ఉండేది. మర తిరుగుతుంటే పక్కవాడి మాట కూడా వినబడదు. అక్కడ పనిచేసే సింహాద్రి ఆ మోతని మించి అరిచి బేరగాళ్ళతో మాట్లాడేవాడు. కారానికి వెళ్ళిన హైమ ఆ అరుపు విని, కారం డబ్బా అక్కడే మర్చిపోయి, అతన్ని వెంటబెట్టుకొచ్చింది.

"నాకు పాటలు రావు మరి," అన్నాడు సింహాద్రి, గది మధ్యలో నిలబడి.

"పాట అక్కర్లేదు. మర దగ్గర ఎలా అరుస్తావో అలా అరిచెయ్."

"ఏటని అరవాలి?"

"నీకు కోపం తెప్పించేవి చెప్పు."

అతను నోరు తెరిచాడు. చప్పుడు కొలిచే నా సూది చివరిదాకా పోయి అక్కడే కొట్టుకుంది. తొమ్మిదేళ్ళు స్తోత్రాలు విన్నదాన్ని, మొదట హడలిపోయిన మాట నిజం. రెండో పాటకి అలవాటైంది. మూడో పాటకి ఆ గొంతు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

బృందానికి 'ఘాటు' అని పేరు పెట్టుకున్నారు. మరకి సెలవు ఆదివారమే గనక రికార్డింగు ఆదివారం మధ్యాహ్నాలే. మొదటి క్యాసెట్ బయటికొచ్చింది. అట్ట హైమ చేత్తో గీసి, తన కొట్టులోనే జిరాక్స్ తీసింది. ఒక్కో కాపీ ఒక్కొక్కటిగా ఎక్కించి, పోస్టులో బెంగుళూరుకీ షిల్లాంగుకీ పంపింది. షిల్లాంగునుంచి ఒకతను ఉత్తరం రాశాడు: మాటలు ఒక్కటీ అర్థం కాలేదట, వాళ్ళ అమ్మ రేడియో పగిలిందనుకుని పరుగెత్తుకొచ్చిందట, ఇంకో రెండు పంపమని. ఆ ఉత్తరాన్ని సింహాద్రి నాలుగుసార్లు చదివించుకున్నాడు.

పాటకీ పాటకీ మధ్య అతను చాలా మాట్లాడేవాడు. అరిచేటప్పుడు పులిలా ఉండేవాడు గానీ మాట్లాడితే గొంతు సన్నగా, కొంచెం సిగ్గుపడుతున్నట్టు ఉండేది. మర యజమాని మాటతీరుని అనుకరించేవాడు. జిలానీకి పెళ్ళిసంబంధాలు చెప్పేవాడు. టేపు దొరకడం కష్టం కాబట్టి ఆ మాటలన్నిటినీ హైమ ఎప్పటికప్పుడు చెరిపించేది. చెరిపింది నేనే. రాసే భాగం పక్కనే నాకు చెరిపే భాగం కూడా ఉంటుంది. రెండూ ఒకే శ్రద్ధతో చేస్తాను.

రెండో క్యాసెట్ ఇంకా గట్టిగా ఉండాలని హైమ పట్టుబట్టింది. "ఇంకొక్కసారి సింహాద్రీ" అనేది. అతను నుదురు తుడుచుకుని ఇంకొక్కసారి అరిచేవాడు. పాట అయ్యాక గోడకి ఆనుకుని, కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎనిమిది పాటలూ పూర్తయ్యాయి. అట్ట గీయడం మిగిలింది.

డిసెంబరులో ఒక ఆదివారం అతను రాలేదు. జిలానీ ఒక్కడే మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. చిన్నప్పటినుంచి ఉన్న ఉబ్బసమట. వీళ్ళెవరికీ చెప్పలేదు. శుక్రవారం ఊపిరందక ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడట.

హైమ సింహాద్రి ఇంటికి వెళ్ళొచ్చింది. వచ్చి నా ముందు కూర్చుని ఫిలిప్‌తో అన్నది: "అక్కడ ఎవరో అంటున్నారు, ఆ అరుపులకే ఊపిరి ఎగిరిపోయిందని. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అన్నది నేనే కదా."

హైమ నా తీగ పీకేసింది. బొంతలు దించి ఎవరివి వాళ్ళకిచ్చేసింది. షిల్లాంగు ఉత్తరానికి జవాబు రాయలేదు. నాకు ఈసారి గుడ్డ కూడా కప్పలేదు. దుమ్ము దానంతటదే కప్పింది.

ఏడాది పైన గడిచింది. ఒక మధ్యాహ్నం మెట్లమీద నెమ్మదిగా అడుగులు వినిపించాయి. వచ్చినావిడ యాభై దాటిన మనిషి, మున్సిపల్ బడిలో ఆయా. పేరు నర్సయ్యమ్మ. సింహాద్రి తల్లి. ఆవిణ్ణి చూడగానే హైమ లేచి గోడకి అతుక్కుపోయింది. తిట్టడానికే వచ్చిందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "ఒక మాట అడగడానికొచ్చినానమ్మా," అన్నది. "మీరు ఏసిన కేసెట్టు మా ఇంటికాడ ఉంది. పక్కింటోల డబ్బాలో ఎట్టించుకుని ఇన్నాను. అందులో మావోడు ఎక్కడున్నాడో నాకు తెల్లేదు. అన్నీ అరుపులే. ఆడు మామూలుగా మాటాడింది ఏటైనా ఉందేటి? రెండు ముక్కలు సాలు. ఆడి గొంతు నాకు మర్సిపోతంది తల్లీ."

హైమ నా తీగ తగిలించింది. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు పదకొండు టేపులూ మొదటినుంచి చివరిదాకా విన్నది. పాట ఆగిన చోటల్లా శ్వాస బిగబట్టి విన్నది. పాట ఆగిన ప్రతిచోటా ఖాళీ. నున్నగా చెరిగిన టేపు. అతను మర యజమానిలా మాట్లాడిన తీరు, జిలానీకి చెప్పిన సంబంధాలు, ఆకలేస్తోందన్న మాట, అన్నీ నా మీదుగానే పోయాయి. నేను గుర్తు తెచ్చుకోగలను. వినిపించలేను. ఆ మూడు రోజులు నేను ఎంత తపించానో చెప్పడానికి నాకు సొంత గొంతు లేదు.

నాలుగో రోజు నర్సయ్యమ్మ వచ్చింది.

"దొరకలేదు పిన్నీ," అన్నది హైమ. "మాటలన్నీ చెరిపేసేవాళ్ళం. నేనే చెరిపించాను." నా మీటల మీద చెయ్యి పెట్టింది. "ఒక్కటి మాత్రం చెయ్యగలను. చప్పుడంతా తీసేసి, అతని అరుపొక్కటే వినిపిస్తాను. వింటారా?"

నర్సయ్యమ్మ తలూపింది. హైమ రెండో క్యాసెట్ కోసం చేసిన టేపు పెట్టింది. మొదటి మూడు మీటలూ కిందికి లాగేసింది. డ్రమ్ములు పోయాయి, గిటారు పోయింది, తన బేస్ పోయింది. నాలుగోది మిగిలింది.

గర్జన వచ్చింది. ఒంటరిగా, నగ్నంగా. నర్సయ్యమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. ఎవరిదో గొంతు విన్నట్టే వింటోంది. గర్జన ఆగింది. తర్వాతి గర్జనకి ముందు అతను గాలి లోపలికి లాక్కున్నాడు. ఆ లాక్కోవడం చివర సన్నగా, ఈల వేసినట్టు ఒక చిన్న చప్పుడు. మిగతా వాయిద్యాలున్నప్పుడు అది ఎవరికీ వినబడేది కాదు.

నర్సయ్యమ్మ ముందుకి వంగింది.

"మళ్ళీ ఎట్టు."

హైమ వెనక్కి తిప్పి పెట్టింది.

"అదిగో!" నర్సయ్యమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "పిల్లికూతలు. ఆడి రొమ్ములో పిల్లికూతలమ్మా. మూడేళ్ళప్పటినుంచి ఈపు రాస్తా కూకుని ఇన్నాను నాను. మావోడే. మావోడే ఇది."

ఎనిమిది పాటలూ అలాగే విన్నది. అరుపులు ఆవిడకి అడ్డం మాత్రమే, మధ్యలో ఊపిరి కోసం కాచుకుని కూర్చుంది. ఆ కళ్ళు తడిశాయి గానీ ఏడవలేదు. ఏడిస్తే వినబడదని భయపడినట్టుంది.

చివర హైమ ఆపుకోలేక అడిగేసింది. "నేను అరిపించడం వల్లేనా పిన్నీ?"

నర్సయ్యమ్మ ఆమె పక్కకి జరిగింది. "పన్నెండేళ్ళు ఆ మరకాడ కారం దుమ్ము మింగినాడు. ఆ మరని ఒక్కుడూ ఏటీ అన్నేదు. నిన్ను మాత్తరం అన్నారు. ఆడు ఇంటికి నవ్వుకుంటా ఒచ్చింది ఆదివారం ఒక్క రోజేనమ్మా. నాను సూసినాను కదా."

అప్పుడు హైమ ఏడ్చింది. ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చింది. నర్సయ్యమ్మ ఆమె వీపు మీద చెయ్యేసి రాస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆవిడ వచ్చేది. టీ తాగేది, నా ముందు కూర్చునేది, నాలుగో మీట ఒక్కటే పైకి. నాకు తెలిసినంతలో ఒక యంత్రానికి అంతకంటే మర్యాద దక్కదు. జిలానీ, ఫిలిప్ కూడా మళ్ళీ రావడం మొదలుపెట్టారు గానీ, ఆవిడ వింటున్నంతసేపూ మేడమెట్ల మీదే కూర్చునేవాళ్ళు. టేపుని తిప్పే నా బెల్టు సాగిపోతోందని, ఎక్కువ రోజులు రాదని హైమకి తెలుసు. ఒక కాపీ తీసి ఇచ్చింది. అయినా నర్సయ్యమ్మ వచ్చేది.

వేసవి మొదలయ్యాక ఒక ఆదివారం ఆవిడ సగంలో చెయ్యెత్తింది.

"ఆపీ అమ్మా."

హైమ ఆపింది.

"ఆడొక్కుడే ఉంటే బెంగగా ఉంది. ఏటో కాళీ గదిలో వొదిలీసినట్టుంది. ఆలందరితో కలిపి ఎట్టు."

"చప్పుడు ఎక్కువుంటుంది పిన్నీ. అప్పుడు ఊపిరి వినబడదు."

"ఎక్కడుందో నాకు తెల్సు కదా ఇప్పుడు. ఎట్టు."

హైమ మూడు మీటలూ ఒక్కొక్కటే పైకి జరిపింది. బేస్ వచ్చింది. గిటారు వచ్చింది. డ్రమ్ములు గోడలు బద్దలుకొట్టుకుంటూ వచ్చాయి. ఆ మధ్యలో సింహాద్రి గర్జించాడు. మెట్ల మీంచి జిలానీ, ఫిలిప్ లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. నర్సయ్యమ్మ చెవులు మూసుకోలేదు. పాటలో సరిగ్గా ఎక్కడ ఊపిరి రావాలో అక్కడ ఆవిడ వేలు చిన్నగా కదిలేది. ఎనిమిది పాటలు అయ్యాయి. గదిలో చెవులు గింగురుమనే నిశ్శబ్దం మిగిలింది.

"ఆ డప్పు ఎవులు కొట్టినాడమ్మా?" అన్నది.

హైమ గుమ్మం వైపు చూపించింది. జిలానీ తల దించుకున్నాడు.

"అంత గట్టిగా కొడతన్నావు, ఏటి తింతన్నావు బాబూ? ఒచ్చే ఆదివారం అందరూ మా ఇంటికి రండి. సేపల పులుసు సేత్తాను."

రెండో క్యాసెట్ ఆ నెలలోనే బయటికొచ్చింది. నా మీద తయారైన చివరిది అదే. మొదటి కాపీ షిల్లాంగు వెళ్ళింది. తర్వాత నా బెల్టు తెగింది. హైమ ఊరంతా వెతికింది, దొరకలేదు. తుప్పు రికార్డ్స్ ఇప్పటికీ ఉంది, వేరే యంత్రాల మీద నడుస్తోంది. నేను అదే గదిలో పై అరలో ఉన్నాను.

అయినా నా మనసు తరచుగా పోయేది నర్సయ్యమ్మ పిలిచిన ఆ ఆదివారానికే. మధ్యాహ్నమైంది. నేను అలవాటుగా ఎదురుచూశాను. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు, టీ గ్లాసుల చప్పుడు లేదు, ఎవరూ నా మీట ముట్టుకోలేదు. అందరూ నర్సయ్యమ్మ ఇంటికి భోజనానికి వెళ్ళారు. కిటికీలోంచి ఎండ నేలమీద జరుగుతూ జరుగుతూ గోడెక్కింది. అక్కడ వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో, ఎవరు ఎవరిని అనుకరించి నవ్వించారో నాకు తెలియదు. వినాలని మాత్రం చాలా అనిపించింది.