తొట్టిలో ఇంజను

ట్రాక్టర్ మేస్త్రీ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. పని మానేసి చాలాకాలమైనా పేరు మాత్రం ఆయన్ను మానలేదు. అలాంటి మనిషి ఇంట్లో ఉండగా, టాక్సీ నడిపే కూతురు తన కారు ఇంజన్ని బాగుచెయ్యమని గ్యారేజీకి ఇస్తానంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, పెరట్లో చెట్టుందన్న సంగతైనా గుర్తుండాలి కదా అని అన్నం మానేసి అలిగాడు. చివరికి కూతురే దిగొచ్చింది.

"సరే నాన్నా, నువ్వే చెయ్యి. కానీ సోమవారానికి బండి రోడ్డెక్కాలి. ఆసుపత్రి నర్సుల్ని తీసుకెళ్లే పని ఆ రోజు నుంచే. నేను రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

ఆడమనిషి నడిపే బండి మాకెందుకని నలుగురు తిప్పి పంపాక దొరికిన పని అది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇంజను విప్పడం ఆయనకు మంచినీళ్లు తాగినంత పని. హెడ్డు, పిస్టన్లు, క్రాంకు అన్నీ ఊడదీసి, సిలిండర్లున్న బోడి దిమ్మను మిగిల్చాడు. దాన్నిండా జిడ్డు, మసి, ఎవడో ఎప్పుడో పూసిన నల్లరంగు. అసలు లోహం కాస్తయినా కనపడితే ఒట్టు. పెరట్లోకి మోయడానికి భార్యను పిలిచాడు. చెరోపక్కా పట్టుకుంటే దిమ్మ తేలిగ్గా లేచింది.

"చూశావా, నా చేతుల్లో సత్తువ ఇంకా పోలేదు."

"సత్తువంతా నాది. మీరు ఊరికే పట్టుకున్నారు," అంది ఆవిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎందుకంత తేలిగ్గా ఉందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే కొంప మునిగేది కాదు. కానీ జన్మంతా ఇనుముతో కుస్తీ పట్టినవాడికి ఇంజనంటే ఇనుమే.

ఆవిడ బట్టలు నానబెట్టుకునే పెద్ద తొట్టి లాక్కొచ్చి, నీళ్లలో కాస్టిక్ సోడా కలిపి దిమ్మను ముంచాడు. ట్రాక్టరు ఇంజన్లన్నీ ఇలాగే కడిగేవాడు. ఎంత మొండి జిడ్డయినా సోడా ముందు తోక ముడవాల్సిందే. ఈసారి ముంచిన కాసేపటికే నీళ్లు బుసబుస పొంగాయి.

"అదేమిటండీ, అలా ఉడుకుతోంది?"

"మురికి వదులుతోందే. ఇంత పొంగు నా సర్వీసులో చూడలేదు."

ఎన్నడూ చూడనిది కనపడితే అనుమానించాలి. ఈయన సంబరపడ్డాడు. కడుపునిండా తిని ఓ కునుకు కూడా తీశాడు.

లేచి దిమ్మను పైకి తీసి నీళ్లు కుమ్మరించి చూశాడు. చెదలు తిన్న చెక్కలా ఒళ్లంతా గుంటలు. అది అల్యూమినియం. సోడా జిడ్డుతో ఆగక దిమ్మనే తినేసింది. హెడ్డు అతుక్కుని కూర్చోవలసిన పైభాగమంతా గరుకుతేలింది. ఇక దానిమీద సందు మూసే ఏ గాస్కెట్టూ ఆగదు. నీళ్లు నూనెలో కలిసి ఇంజను దారిమధ్యలో చస్తుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎమెరీ కాగితం పట్టుకుని రుద్దాడు. భుజాలు పడిపోయేదాకా రుద్దాడు. గుంటల లోతు ఇంకా బాగా కనిపించింది, అంతే. ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే అటక మీది వెండిరంగు డబ్బా దించి, దిమ్మ పక్కలన్నిటికీ పూశాడు. ఎందుకు పూస్తున్నాడో ఆయనకే తెలియదు. పైన మాత్రం గుడ్డ కప్పాడు.

"అమ్మాయికి చెప్పరా?" అంది భార్య.

"చెప్తాలే. రంగు ఆరనీ."

రంగు ఆరింది. ఆయన నోరూ ఎండిపోయింది. సాయంత్రం కూతురు వచ్చి, తళతళలాడుతున్న దిమ్మను చూసి నిలబడిపోయింది.

"కొత్తది కూడా ఇలా ఉండదు నాన్నా. అనవసరంగా నిన్ను అనుమానించాను."

అంటూనే ఆసుపత్రికి ఫోన్ కలిపింది. "మేడమ్, సోమవారం తప్పకుండా వస్తానండీ. మా నాన్నే దగ్గరుండి..."

"పెట్టెయ్యమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఫోన్ పెట్టెయ్."

మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేసింది. ఆయన గుడ్డ లాగేసి, కూతురి వేలు పట్టుకుని ఆ గరుకు మీద పెట్టాడు. తుడిచినా పోని గుంటలను ఆమె వేలితో మెల్లగా తడిమింది.

"సోడాలో వేశావా?"

ఆయన తలూపాడు.

"ఇది అల్యూమినియం నాన్నా. నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పెరటి గట్టు మీద కూలబడింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అని అడిగింది.

బండి గురించి ఆ పిల్ల ఏనాడు ఏది అడిగినా చిటికెలో చెప్పినవాడు. ఈసారి లాగేసిన గుడ్డను మడతలు పెట్టసాగాడు. ఆమె ఫోన్ తీసి అదే నంబరుకు చేసింది.

"సోమవారం రాలేనండీ... అవునండీ, ఇందాక చెప్పాను... లేదండీ, మా నాన్నది కాదు, తప్పు నాదే. బండి నేనే పాడుచేసుకున్నాను."

పక్కనే నిలబడి వింటున్న మేస్త్రీ, కాదని చెప్పకుండా, చేతిలోని గుడ్డను మళ్లీ దిమ్మ మీద కప్పాడు.