డైలాగుకి ముందు ఊపిరి

నా చెవులంటే నాకు గర్వం. డబ్బింగ్ స్టూడియోలో ఇన్నేళ్ళు సౌండ్ ఇంజనీరుగా పనిచేసినవాడికి ఆ మాత్రం ఉండాలి. రికార్డింగులో దోమ గుయ్యిమన్నా తీసేస్తాను, కుర్చీ కిర్రుమన్నా తీసేస్తాను. నటులు మాటకీ మాటకీ మధ్య పీల్చే గాలినైతే అలవాటుగా కోసి అవతల పారేస్తాను. ఫలానా చప్పుడు తీయడం నావల్ల కాదని నేను అన్న పాపాన పోలేదు, ఆ సీరియల్ వచ్చేదాకా.

అది పరాయి భాషలో తీసిన గూఢచారుల సీరియల్. ఒక గూఢచారి, అతని ప్రేయసి. ఆవిడా గూఢచారే. వారానికోసారి ఒకరికోసం ఒకరు ప్రాణాలిచ్చుకోబోతూ ఆఖరి నిమిషంలో బతికి బయటపడుతుంటారు. వాళ్ళిద్దరికీ మన భాషలో గొంతు ఇచ్చింది నిజం మొగుడూ పెళ్ళాలే. అతన్ని స్టూడియోలో అందరం ఏజెంటు అనేవాళ్ళం. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం గోడలు అదిరేలా ఉండేది. ఆవిడకి చిలకమ్మ అని పేరు పెట్టింది నేనే. వాగుడుకాయ. నన్ను అన్నయ్యా అని పిలుస్తూ నా టీ తాగేసేది. ఇంట్లో మొగుణ్ణి మీరు అనే మనిషి, మైకు ముందుకొస్తే నువ్వు అని తెగ దబాయించేది. ఇంట్లో తీరని ముచ్చట ఇక్కడ తీర్చుకుంటోందని ఏడిపించేవాళ్ళం.

ఏజెంటుకి నత్తి. మంచినీళ్ళు అడగాలన్నా మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయేవాడు. మైకు ముందు మాత్రం ఒక్క మాట తడబడేది కాదు. అదంతా చిలకమ్మ చలవే. అతని డైలాగుకి ముందు ఆవిడ పక్కన నిలబడి మెల్లగా ఊపిరి పీల్చేది. ఆ ఊపిరి అందుకుని అతను మాట ఎత్తుకునేవాడు. ఎవరి ముక్క వాళ్ళు విడిగా చెప్పి వెళ్ళిపోయే ఈ రోజుల్లో కూడా ఆ ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడేది అందుకే. పనంతా అయ్యాక ఆ ఊపిరిని నేను కోసేసేవాణ్ణి.

సీజను సగంలో ఉండగా చిలకమ్మ గొంతు బొంగురుపోయింది. జలుబంది. నా చెవులు నమ్మలేదు. నిలదీస్తే, మొగుడు బయటికి వెళ్ళడం చూసుకుని అసలు సంగతి చెప్పింది. గొంతులో గడ్డ. మంచి గడ్డ కాదు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. ఆ తర్వాత మాట ఉండదు. ఊపిరి కూడా ముక్కుతో, నోటితో కాదు, మెడకి పెట్టిన రంధ్రంలోంచి పీల్చాలి. ఆలస్యం చేసేకొద్దీ ప్రాణానికే ముప్పు.

"సీజను అయ్యాక వెళ్తాలే అన్నయ్యా. నేను పక్కన లేకపోతే ఆయన నోరు విప్పలేరు. ఆయనకి ఈ పని తప్ప ఇంకో పని రాదు."

నాకు ఒళ్ళు మండింది. సీరియల్లో వాళ్ళకి ఎలాగూ బుద్ధి లేదు, నీకేమైందని కసిరాను. ఆవిడ నా టీ తాగేసి వెళ్ళిపోయింది.

మొగుడికి తెలియదనుకుంది పిచ్చిది. మర్నాడు పొద్దున్నే నేను స్టూడియో తలుపు తీసేసరికి ఏజెంటు ఒక్కడే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తనే డాక్టరు దగ్గరికి వెళ్ళి కనుక్కున్నాడట. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికే అతనికి చాలాసేపు పట్టింది. తను లేకపోయినా నేను మాట్లాడగలనని చెవులారా వింటే తప్ప ఆపరేషనుకి ఒప్పుకోదు, అందుకని వచ్చే ఎపిసోడులో నా డైలాగులన్నీ ఇప్పుడే విడిగా తీసుకో అన్నాడు.

తీసుకున్నాను. ఆ పొద్దుట నేను విన్నది పగవాడు కూడా వినకూడదు. ఒక్కో మాట కోసం మెడ నరాలు ఉబ్బిపోయేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. డైలాగు మధ్యలో ఆగి, "భ... భయంగా ఉంది, త... తను ఉండదేమోనని" అన్నాడు. అది మాత్రం సీరియల్లోది కాదు. దొరికిన మంచి ముక్కలన్నీ ఏరి, అతుకు కనిపించకుండా కుట్టి, మధ్యాహ్నానికల్లా ఎక్కడా తడబడని మొనగాణ్ణి తయారుచేశాను. నా జన్మలో అంత మంచి పని చేయలేదనుకున్నాను.

చిలకమ్మ వచ్చి హెడ్‌ఫోన్సు పెట్టుకుని చివరిదాకా విన్నది. అద్దం అవతల నిలబడి ఏజెంటు ఆవిడ మొహమే చూస్తున్నాడు. విన్నాక అతని వైపు తిరిగి నవ్వింది. అయితే ఇంక నాతో పనిలేదన్నమాట, ఆపరేషను చేయించుకుంటానంది. అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అతను మొహం కడుక్కోవడానికి వెళ్ళాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"ఎక్కడా ఊపిరి లేదు అన్నయ్యా. అలవాటుగా కోసేశావు. గాలి పీల్చకుండా ఏ మనిషి అంతసేపు మాట్లాడతాడు?"

నాకు తల కొట్టేసినట్టయింది. మరెందుకు ఒప్పుకున్నావని అడిగాను. నన్ను పంపించడానికి ఆయన ఇంత అవస్థ పడితే, ఇంకా వెళ్ళనని మొండికేస్తే నాకన్నా పాపిష్టిది ఉంటుందా అంది. తనకీ భయంగానే ఉందంది. చావంటే కాదట. ఇంకెప్పుడూ ఆయన్ని ఏవండీ అని పిలవలేనని.

మర్నాడు అతనికి చెప్పకుండా వచ్చి మైకు పెట్టమంది. మాటలేవీ లేవు, వట్టి ఊపిరి. కోపంగా అరిచే డైలాగుకి ముందు ఒకలా, రహస్యం చెప్పేముందు ఒకలా, భయాన్ని మింగి అబద్ధమాడే చోట ఒకలా. మిగిలిన ఎపిసోడులన్నిటికీ సరిపడా పీల్చి వెళ్ళింది.

ఆవిడ ఆఖరున డబ్బింగ్ చెప్పింది ప్రేయసి చనిపోయే సీనుకి. శత్రువులు తలుపు బద్దలు కొడుతుంటే ప్రియుణ్ణి సొరంగంలోకి తోసి, నువ్వు వెళ్ళు, నేను వెనకే వస్తా అంటుంది. రాదని చూసేవాళ్ళందరికీ తెలుసు. ఆ వారంలోనే ఆపరేషను గది బయట స్ట్రెచర్ మీద పడుకుని, తన చెయ్యి వదలని మొగుడి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీస్తూ అంది.

"నువ్వు ఇంటికెళ్ళు. నేను వెనకే వస్తా."

ఆవిడ నోట మేం విన్న ఆఖరి మాట అదే.

మాట నిలబెట్టుకుంది. తిరిగొచ్చింది. మెడకి పలచటి గుడ్డ కట్టుకుని స్టూడియోలో నా వెనక కుర్చీలో కూర్చునేది. అంత వాగుడుకాయ అలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే చూడలేక, నా టీ ఆవిడ వైపు జరిపి పెట్టేవాణ్ణి. చల్లారిపోయేది. హెడ్‌ఫోన్సులో ఆ పాత ఊపిరి వినిపిస్తే ఏజెంటు మాట ఎత్తుకునేవాడు. అలా సీజను గట్టెక్కింది.

తర్వాత కొత్త సీజను వచ్చిపడింది. దానికి ఊపిరి లేదు. ఎవరు కనిపెడతారులే అని ఉన్నవే తిప్పి వాడబోయాను. మొదటి సీను, చనిపోయిన ప్రేయసి గదిలోకి గూఢచారి ఒంటరిగా వస్తాడు. ఊపిరి వినిపించాను. ఏజెంటు నోరు తెరవలేదు. మళ్ళీ వినిపించాను. హెడ్‌ఫోన్సు తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఇ... ఇది అప్పటిది. ఇ... ఇప్పుడు తను ఇలా పీల్చదు."

వేరే గొంతు వెతుక్కుందామని డబ్బింగ్ డైరెక్టరు నా చెవిలో గొణిగాడు. అప్పుడు నా వెనక కుర్చీ కిర్రుమంది. చిలకమ్మ లేచి లోపలికి వెళ్ళి, ఎప్పట్లాగే అతని పక్కన నిలబడింది. మెడకి కట్టిన గుడ్డ విప్పింది. అతని చెయ్యి తీసుకుని ఆ రంధ్రం పక్కన ఆనించుకుంది. ఆవిడ ఊపిరి పీల్చింది. అతని వేళ్ళకి అది తెలిసినట్టుంది.

"నువ్వు వెనకే వస్తానన్నావు" అన్నాడు.

గూఢచారి డైలాగే అది. ఒక్క అక్షరం తడబడలేదు.

ఆ టేకు నిండా ఆవిడ మెడలోంచి వచ్చే సన్నటి ఈల లాంటి చప్పుడు పడింది. డైరెక్టరు దాన్ని తీసేయమన్నాడు. నాకది చిటికెలో పని. మీటల మీంచి చెయ్యి తీసేసి, నావల్ల కాదని చెప్పాను.