కారం చేతులు

"సబ్బు పెట్టి కడుక్కుంటే పోతుందిలే, ముందు రా" అన్నాడు సిలార్.

జానీబీ రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడింది. పొద్దుటినుంచీ కల్లంలో ఎండు మిరపకాయలు ఏరుతోంది. మొగుడి దగ్గర్నుంచి ఫోన్ రాగానే పట్టా మీంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. లోపల తెల్లగుర్రం చాందినీ ఒక పక్కకి పడుకుని మెడ చాచి ముక్కుతోంది. చీరాలలో పొద్దున జరిగిన పెళ్లి ఊరేగింపు తాలూకు పూసలదండ ఇంకా దాని మెడలోనే ఉంది. తోక కింద పిల్ల కాలు బయటికి కనిపిస్తోంది. రెండు కాళ్ళు రావాలి. ఒకటే ఉంది.

గుర్రాలు పట్టపగలు ఈనవని జానీబీకి తెలుసు. మామ హుస్సేన్ సాహెబ్ బతికున్న రోజుల్లో చీరాల స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. మనిషి కళ్ళు పడకుండా కానిచ్చుకుంటుందమ్మా, మనం లేచేసరికి పిల్ల నిలబడి ఉంటుంది, అని ఆయనే చెప్పాడు. మిట్టమధ్యాహ్నం ఇలా నేల పడి ఉందంటే ఏదో తేడా జరిగిందన్నమాట.

సిలార్ ఫోన్ స్పీకర్లో పెట్టాడు. అవతల పశువుల ఆసుపత్రి జయరావు. నాలుగూళ్ళ అవతల గొర్రెలకి టీకాలు వేస్తున్నాడట. "నేనొచ్చేసరికి గంట పట్టుద్ది. రెండో కాలు లోపల మడతపడుంటుంది. చిన్న చెయ్యి ఉన్నోళ్ళు ఎవరన్నా నూనె రాసుకుని, మెల్లిగా లోపలికి పోనిచ్చి, ఆ కాలు ముందుకి లాగండి."

"నా చెయ్యి పట్టదు. నీదే పట్టుద్ది" అన్నాడు సిలార్ పెళ్ళాంతో.

"కారం చేతులయ్యా ఇవి. మిరపకాయల్లోంచి వచ్చా."

"సబ్బు పెట్టి కడుక్కో అంటున్నాగా."

కడుక్కుంది. సబ్బుతో, బూడిదతో, అత్త సర్దార్‌బీ తెచ్చి పోసిన మజ్జిగతో, కొబ్బరినూనెతో. కడిగిన వేలు పెదవికి తాకించుకుంటే పెదవి భగ్గుమంది. మిరపకాయల్లో చేసిన చేతులు తెల్లారేదాకా చల్లారవు. ఈ చేలల్లో పనిచేసే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. కూతురు నగ్మా పాలు తాగే రోజుల్లో చను అందించినప్పుడల్లా అది గుక్కపట్టి ఏడిస్తే, పిల్లకి దిష్టి తగిలిందని సర్దార్‌బీ ఉప్పు తిప్పేసేది. కోతల కాలమంతా ముఖం కడుక్కోవాలన్నా భయమే, చెమట కంట్లో పడితే తుడుచుకోవాలన్నా భయమే. ఏ ఆడదో ఎందుకు, సిలార్‌కి తెలియదా? పదిహేడేళ్ళుగా జనవరి నుంచి మార్చి దాకా పక్కలోకి వచ్చిన ప్రతిసారీ అతను అనే మొదటి మాట, "ఆ చేతులతో నన్ను ముట్టుకోమాక." ఆమె రెండు చేతులూ తలకింద పెట్టుకుని పడుకునేది. తన ఒళ్ళు మండుతుందని అంత బాగా తెలిసిన మనిషికి, చాందినీ ఒళ్ళు మండుతుందని తట్టలేదు.

"ఒక ప్లాస్టిక్ కవరన్నా ఇవ్వండి" అంది.

సర్దార్‌బీ వంటింట్లోంచి పంచదార కవరు తెచ్చింది. చేతికి తొడుక్కుని లోపలికి పోనిస్తే, తడికి కవరు జారిపోతోంది. కాలు వేళ్ళకి దొరికినట్టే దొరికి తప్పిపోతోంది. "తీసి అవతల పారెయ్. ఏం నాజూకు పనులే ఇయ్యి" అని సిలార్ అరిచాడు. చాందినీ తల తిప్పి ఆమె వంకే చూసింది. ఈ పిల్ల కోసం జానీబీ పదకొండు నెలలు లెక్కపెట్టుకుంది. కౌలు కాగితం అతని పేరున, ఇల్లు అత్త పేరున, గుర్రం అతని పేరున. నానబెట్టిన శనగలు పెట్టేది తను, గిట్టలు కడిగేది తను, ఎండలో తిరిగొచ్చిన దానికి నీళ్ళు పోసేది తను. ఊళ్ళో మాత్రం సిలార్ గుర్రం. పోయినేడు కొత్తపట్నం తీసుకెళ్ళి పోతుగుర్రానికి కట్టించి వచ్చినరోజు, ఏ కళనున్నాడో, "పిల్ల పుడితే నీదేలే" అన్నాడు. నీది అనే మాట ఆ ఇంట్లో ఆమె వినడం అదే మొదలు.

కవరు తీసేసింది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తోయలేదు. తనే పెట్టింది.

వేళ్ళకి పిల్ల మూతి తగిలింది. నోట్లోకి వేలు పోయింది. మెత్తగా, కదలకుండా ఉంది. ఇంకా లోపలికి పోనిస్తే మోకాలి చిప్ప. పట్టు దొరికిందనుకునేలోపు చాందినీ కేకపెట్టింది. గుర్రం అలా అరవగలదని జానీబీకి అప్పటిదాకా తెలియదు. ఒక్క ఊపున లేచి, ఆమెను గోడకేసి కొట్టి, తోక కింద కాలు వేలాడుతుండగానే కొట్టమంతా తిరిగింది, గోడకి ఒళ్ళు రాసుకుంది, వెనక్కాళ్ళు విసిరింది. ఇక దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. జయరావు వచ్చి, సూది వేసి పడుకోబెట్టి, పిల్లని లాగేసరికి రెండైంది.

ఊపిరి లేని గోధుమ రంగు పిల్ల. నుదుట తెల్లచుక్క. ఆడది.

జయరావు చేతులు కడుక్కుంటూ, "నీళ్ళు ఎప్పుడు పోయినయ్?" అని అడిగాడు.

"ఇప్పుడే, ఇంటికొచ్చాక" అన్నాడు సిలార్.

"మరి లోపలంతా అంత ఎండిపోయిందేంటి? గేదె కాదయ్యా ఇది. నీళ్ళు పోయిన అరగంటలో పిల్ల పడిపోవాలి." సిలార్ వంగి తాళ్ళు చుట్టడం మొదలుపెట్టాడు. జయరావు ఇంకోసారి అడగలేదు, బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర కథ తయారైంది. సిలార్ నోటితోనే. "మా ఆడది కారం చేతులు పెట్టి చంపేసింది. కడుక్కుని రావే అంటే వినదే." మర్నాడు ఇడ్లీ బండి దగ్గర ఎవరో, "ఏం సిలారన్నా, ఇంట్లో వేరే కారం కొననక్కర్లేదుగా" అన్నారట. కల్లంలోనూ అదే. "జానీబీ, మా గేదె ఇవాళో రేపో ఈనుద్ది, మా గుమ్మంలోకి రామాకే తల్లీ" అని ఒకామె అంటే పది మంది నవ్వారు. జానీబీ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో పది రోజులు అంటారు. నవ్వుతూనే తన అరచేతుల్ని చూసుకుంది. పత్తి కాయల మొనలు గీసిన గీతలు, మిరప తొడిమల మరకలు. ఎవరి చేతులో చూస్తున్నట్టు ఉంది. రాత్రిళ్ళు అన్నం ముద్ద కలిపి నోటి దగ్గరికి తెచ్చుకుంటే ఆ మెత్తటి మూతి వేళ్ళకి తగిలేది, ముద్ద కంచంలో వదిలేసేది. కొట్టంలోకి పోతే చాందినీ గోడ వైపు తిరిగి నిలబడేది. శనగలు అక్కడ పెట్టి తను బయటికొచ్చాకే తినేది. ఊళ్ళో వాళ్ళు అన్నదానికి ఆమె ఓర్చుకోగలిగింది. చాందినీకి మాత్రం ఏం చెప్పుకోవాలో తెలియలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కల్లంలో అన్నాలు తింటుంటే ఆదెమ్మ ఆమెను పక్కకి పిలిచింది. ఆదెమ్మ పదహారేళ్ళుగా జానీబీ పక్క సాలులో కోసే మనిషి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ చేలోకి.

"చీరాలలో ఉండే మా కూతురు మహిమ పంపింది చూడు. ఆ పెళ్ళి వాళ్ళ వీధిలోదేనంట. మీ గుర్రం ఎంత ముద్దుగా ఉందో."

ఫోన్లో వీడియో. బ్యాండు మోత, కుర్రాళ్ళ చిందులు, కళ్ళజోడు పెట్టుకున్న పెళ్ళికొడుకు. చాందినీ నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. వెనక్కాళ్ళు ఎడం చేసి నడుం వంచింది. దాని కింద ఒక్కసారిగా నీళ్ళు, బిందె బోర్లించినట్టు. ఎవరో నవ్వుతూ, "ఒరేయ్, గుర్రం పోసేసిందిరా" అన్నారు. సిలార్ వెనక్కి వచ్చాడు. వంగి చూశాడు. తోక ఎత్తి మళ్ళీ చూశాడు. జేబులోంచి ఎర్ర రిబ్బను తీసి, తోకని మడిచి కట్టేశాడు. ముందుకొచ్చి కళ్ళెం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. చాందినీ కదిలింది. పెళ్ళికొడుకు చెయ్యి ఊపాడు.

జానీబీ మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టమంది.

మూడోసారికి ఆదెమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "అది ఉచ్చ కాదు కదే."

"కాదక్కా."

"ఎన్ని గంటలప్పుడు ఇది?"

"ఎనిమిదింటికి ఊరేగింపు."

పదకొండున్నరకి తను చెయ్యి పెట్టింది. వేలు నోట్లోకి పోతే చీకని పిల్ల. ఏ గుర్రప్పిల్లయినా, ఏ దూడయినా, ఏ బిడ్డయినా నోట్లో వేలు పెడితే చీకుతుంది. నగ్మా పుట్టిన గంటకే చీకింది. ఆ రోజు ఆ కదలని నోరు తనకి ఏం చెప్పిందో ఇప్పుడు అర్థమైంది. పిల్ల అప్పటికే పోయింది. చీరాల వీధుల్లోనో, వ్యానులో ఊరికి వచ్చే దారిలోనో. తన చేతులు దాన్ని చంపలేదు.

గుండె తేలికవుతుందేమోనని చూసింది. కాలేదు. చచ్చిపోయిన పిల్ల కోసం బతికున్న తల్లి ఒంట్లో నిప్పు పెట్టి తిప్పింది. చంపలేదు సరే, ఆ పని చేసింది మాత్రం తన చెయ్యే. అతను అన్నీ తెలిసే, చెయ్యి పెట్టు అన్నాడు. ఎవరి చెయ్యో ఒకటి లోపల ఉండాలి కాబట్టి అన్నాడా? అంత దూరం ఆలోచించే మనిషి కాదేమో. ఆలోచించకుండానే అన్నాడంటే అది ఇంకా ఘోరంగా తోచింది.

ఆ సాయంత్రం అన్నం పెట్టి అడిగింది. "ఊరేగింపులోనే నీళ్ళు పోయినయ్యంటగా."

సిలార్ తల ఎత్తలేదు. "ఎవరు చెప్పారు?"

"వీడియోలో చూశా."

ముద్ద మింగాడు. "అయితే? పెళ్ళికొడుకుని నడిరోడ్డు మీద దింపెయ్యమంటావా? బ్యాండు మోగుతుంటే? ఇంకోసారి ఎవడన్నా పిలుస్తాడా నన్ను?"

"మరి నా చేతుల వల్లని ఊరంతా ఎందుకు చెప్పావు?"

"నువ్వు చెయ్యి పెట్టలేదా ఏంటి?"

పెట్టింది. గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతున్న సర్దార్‌బీ అక్కడినుంచే అంది. "అయిపోయినదాన్ని తవ్వితే పిల్ల లేచొస్తుందా పిల్లా? వాడు మగాడు, పది మందిలో తిరగాలి. నీకేముంది, ఇంట్లో ఉండేదానివి. రెండ్రోజులు అంటారు, మూడోరోజు మర్చిపోతారు." ఆవిడ గొంతులో కోపం లేదు. ఆవిడ కూడా తన కాలంలో అలాగే నెట్టుకొచ్చినట్టుంది. నెట్టుకొచ్చింది గనకే దాన్ని ఇంత మామూలుగా చెబుతోంది. జానీబీకి ఇంకో ముప్ఫై ఏళ్ళకి అదే గుమ్మంలో కూర్చున్న తను కనిపించింది.

కంచం తీసి కడిగి బోర్లించింది.

మార్చి నెలాఖరుకి కోతలు అయిపోయాయి. బయటపడ్డ చాందినీ పక్కటెముకల మీద మళ్ళీ కండ పట్టింది. జానీబీ చేతులు చల్లబడ్డాక ఒకరోజు అదే వచ్చి ఆమె భుజం మీద మూతి ఆనించింది. ఆమె కదలకుండా అలాగే నిలబడిపోయింది.

సిలార్ ఈమధ్య హుషారుగా ఉన్నాడు. కొత్తపట్నం పోతుగుర్రం ఆయనతో మాట్లాడానని, ఎదకి రాగానే తోలుకు రమ్మన్నాడని చెప్పాడు. "పోయింది పోయిందిలేవే. ఈసారి పుట్టే పిల్ల నీదే. అల్లా మీద ఒట్టు." దాని ఎద సంగతి అతనికి తెలియదు. ఎప్పుడూ తెలుసుకోలేదు. పొద్దునా సాయంత్రం దాని దగ్గర ఉండేది ఆమె, కనిపెట్టి చెప్పవలసింది ఆమె.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి బయలుదేరుతూ, మోటార్ సైకిల్ మీద కూర్చునే కొట్టం వైపు కేకేశాడు. "ఏమే, ఎదకొచ్చిందా?"

రెండ్రోజుల్నుంచీ చాందినీ మేత ముట్టడం లేదు. తోక పక్కకి తిప్పి పెడుతోంది, గోడకి నడుం ఆనిస్తోంది, దారిలో ఏ బండి చప్పుడైనా చెవులు నిక్కబొడుస్తోంది. అప్పుడు కూడా, ఆ కేక విని, మెడ ఎత్తి పొడుగ్గా సకిలించింది.

జానీబీకి గోధుమరంగు పిల్ల కళ్ళల్లో మెదిలింది. ఈసారైనా లేచి నిలబడే పిల్ల. తనదయ్యే పిల్ల. దాని వెనకే ఎర్ర రిబ్బనుతో కట్టేసిన తోక మెదిలింది.

"లేదు" అంది.

"మరి ఎందుకలా అరుస్తుంది?"

"దాహమై ఉంటుంది. నువ్వు బయల్దేరు, టైం అవుతుంది."

బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆమె బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడింది. మూడు వారాల తర్వాత అది మళ్ళీ ఎదకొస్తుంది, అతను మళ్ళీ అడుగుతాడు. అప్పుడు కూడా లేదనే చెబుతుంది.